పట్టూ విడుపూ

మదనపల్లె నుంచి ఒక సోదరి ఉత్తరం రాశారు. ఆమె భర్త బడిపంతులుగా పనిచేసి యీ మధ్యనే విరమించారట. ఇరవై యేళ్ళుగా వాయిదా వేస్తూ వచ్చిన కోరిక ఆయనకొకటి మిగిలి వుంది: ఇంటి వెనక రేకుల షెడ్డులో చిన్న పనికొట్టు పెట్టుకోవాలని. దానికి మొట్టమొదట బెంచి వైసు కొంటానంటున్నారట. "మీ కొట్టును గురించి అప్పుడప్పుడు రాస్తుంటారు గదా! ఒక్కసారి కొంటే మళ్ళీ కొననక్కరలేని వైసు ఎట్లా వుంటుందో చెప్పండి. మావారు అంగడివాళ్ళు చెప్పిందల్లా నమ్మే మనిషి" అని ముగించారు.

తెలుగు పాఠాలు చెప్పుకునేవాణ్ణి యీ ప్రశ్న అడగటం న్యాయమేనా అని మా ఆవిడ నవ్వింది. నన్నడిగితే న్యాయమే. వైసును ఎన్నుకోవటం ఎట్లాగో నేర్చుకోవటానికి నేను చెల్లించినంత ఫీజు, ఎం.ఏ.కి గూడా చెల్లించలేదు.

పుత్తూరు అని చెప్పగానే పై ఊళ్ళవాళ్ళు ముందు నా కాళ్ళూ చేతులూ చూస్తారు, ఎక్కడ విరిగిందో అని! మా ఊరి దగ్గరి రాచపాలెంలో తరతరాలుగా విరిగిన ఎముకలకు కట్లు కడుతున్నారు. అందువల్ల 'పుత్తూరు కట్టు' అనే మాట తమిళ దేశం దాకా, కన్నడ దేశం దాకా పాకిపోయింది. 2022లో మా జిల్లా పేరు చిత్తూరు నుంచి తిరుపతికి మారింది గాని, కట్టు పేరు మాత్రం మారలేదు. సంధులు కూర్చటానికి పేరుపడ్డ ఊళ్ళో సంధులు విడగొట్టుకుంటూ బతుకుతున్నవాణ్ణి నేను.

మా నాయన మరమగ్గాల మెకానిక్కు. నగరి, పుత్తూరు, నారాయణవనం చుట్టుపట్ల మరమగ్గాలు చాలా వున్నాయి. పగలంతా ఆయనకు మగ్గాల దగ్గర పని. రాత్రిళ్ళు మా ఇంటి వెనక కొట్టులో. వంగిన కడ్డీలూ, అరిగిన బుష్షులూ, పళ్ళూడిన చక్రాలూ గోనెసంచిలో తెచ్చుకునేవాడు. తెల్లవారేసరికి అవి మళ్ళీ మగ్గమెక్కటానికి తయారుగా వుండేవి. ఆ పనులన్నిటికీ నడుమ నిలబడి వుండేది ఆయన వైసు.

వైసు చూడనివారికి ఒక మాట. బల్లకు బిగించి వుండే ఇనుప దవడల జత అది. ఒక దవడ కదలదు. రెండోదాన్ని మర తిప్పి ముందుకూ వెనక్కూ జరపవచ్చు. రెండిటి నడుమా వస్తువును పెట్టి బిగిస్తే ఉడుంపట్టే. ఇక రెండు చేతులూ ఖాళీ. రంపంతో కోసుకోవచ్చు, ఆకురాయితో రాక్కోవచ్చు, సుత్తితో వంచుకోవచ్చు. దాన్ని మూడో చెయ్యి అనుకోండి. తక్కిన రెండు చేతులకంటే నమ్మకమైనది.

నాయన వైసు ఇంగ్లండులో పోత పోసినది. దవడ వెడల్పు 5 అంగుళాలు. 1979లో మద్రాసు వెళ్ళినప్పుడు మూరు మార్కెట్టులో పాతసామాన్లలో దాన్ని చూసి, నెల జీతం ధారపోసి కొన్నాడట. రైల్లో సామాన్ల బల్లమీద పెడితే ఎవడెత్తుకు పోతాడోనని పుత్తూరు దాకా ఒళ్ళో పెట్టుకుని వచ్చాడని మా అమ్మ చెప్పేది. "నన్ను కాపరానికి తెచ్చేటప్పుడు గూడా ఇంత భద్రంగా తేలేదు" అనేది. శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయంలో నేను రెండేళ్ళు చదివిన ఎం.ఏ. తెలుగు, ఆ వైసు దవడల మధ్య రాలిన ఇనుప రజను పెట్టిన భిక్షే.

ఆ వైసును విరగ్గొట్టింది నేనే.

మూడేళ్ళ కిందటి మాట. బోరు పైపుకు సాకెట్టు తుప్పుపట్టి వూడిరావటం లేదు. నాయన ఇంట్లో లేడు. పైపును వైసులో పెట్టి బిగించాను, జారింది. ఇంకాస్త బిగించాను, మళ్ళీ జారింది. అప్పుడు నాకొక దివ్యమైన ఆలోచన వచ్చింది. మూడడుగుల ఇనుప గొట్టం ఒకటి మూలన పడివుంటే దాన్ని వైసు కడ్డీకి తొడిగి, రెండు చేతులతో పట్టుకుని వేలాడాను. ఫెళ్ళుమంది. కదిలే దవడ మొదలంటా విరిగి, నా ఎడమకాలి బొటనవేలి మీద పడింది.

ఎక్సురేలో ఎముకకు చిన్న చీలిక కనిపించింది. చీలిక చిన్నది గనక, పుత్తూరులో పుట్టినందుకు ఊరి మర్యాద దక్కించుదామని, కట్టు కట్టించుకున్నాను. (పెద్ద విరుగుళ్ళకూ, చర్మం చీల్చుకుని ఎముక బయటపడ్డవాటికీ నేరుగా ఆస్పత్రికే వెళ్ళాలి. ఇది ఊరిమీద ప్రేమతో తప్పించకూడని మాట.) వెదురు బద్దలు పెట్టి గుడ్డ చుడుతూ ఆ కట్టు కట్టే పెద్దాయన అన్న మాట నాకిప్పటికీ జ్ఞాపకం: "వదులైతే ఎముక కదుల్తాది. బిగువైతే నెత్తురు నిలిచి వేలు నల్లబడతాది. కదలకుండా పట్టుకుంటే చాలు సామీ. అతుక్కునే పని అదే చూసుకుంటాది."

సాయంత్రం నాయన వచ్చాడు. నా కాలు చూశాడు. తరవాత కొట్టులోకి వెళ్ళాడు. అప్పటికాయనకు డెబ్బై ఆరేళ్ళు. ఒక కంటికి శుక్లం తీసినా, రెండో కంట్లో చూపు సగానికి సగం పోయింది. విరిగిన దవడను రెండు చేతులా ఎత్తుకుని, విరుగుడు ముఖం మీద బొటనవేలితో రాసి చూశాడు. వెలుపలికి వచ్చి, "కాలెట్లుండాది?" అని మాత్రం అడిగాడు. తిడతాడేమోనని ఎదురుచూశాను. తిట్టివుంటే బాగుండేది. ఆ మరునాటి నుంచి ఆయన కొట్టు తలుపు తియ్యలేదు. పొద్దున్నే వసారాలో కూచుని రేడియో పెట్టుకునేవాడు. అట్లా నాలుగు నెలలు గడిచాయి.

ఈలోగా తప్పు దిద్దుకుందామని దగ్గరి పట్నానికి పోయి, ఒక అంగట్లో నిగనిగలాడే నీలంరంగు వైసు కొని తెచ్చాను. ఇంకొకటి కొంటే ఒకటి ఉచితమన్నంత చవక. నాయన చేతికి అందించాను. ఆయన దాన్ని పైనుంచి కిందికి తడిమి, "రంగు బాగుండాది" అన్నాడు. అంతే, మళ్ళీ రేడియో.

నెల తిరక్కుండానే ఆ రంగు పెచ్చులుగా లేచింది. దాని కింద ఇనుము లేదు, లప్పం! పోతలో పడ్డ గుంటలను లప్పంతో పూడ్చి పైన రంగు వేశారన్నమాట. బిగిస్తే కదిలే దవడ పైకి లేచేది. మర లోపల చుట్లు అరిగి, కడ్డీ తిప్పితే వూరికే తిరిగేది. మా చెల్లెలి కొడుకు దానికి 'పంకా' అని పేరు పెట్టాడు.

విరిగిన బొటనవేలు ఆరు వారాల్లో అతుక్కుంది. విరిగిన పోత ఇనుము అట్లా అతుక్కోదు. నికెలు కడ్డీతో వెల్డింగు చెయ్యవచ్చుగాని, వైసు దవడ వంటి చోట మునుపటి బలాన్ని నమ్మటానికి లేదు. అందుచేత అసలు ఎందుకు విరిగిందో తెలుసుకోవాలని కూచున్నాను. భాషలో ఒక మాట ఎందుకు మారిందో వెతికే అలవాటు వున్నవాడికి, ఇనుము ఎందుకు విరిగిందో వెతకటం మరీ కష్టం కాదు.

మొదట బలం లెక్క. వైసు కడ్డీ చివర, మర నడుమ నుంచి 25 సెంటీమీటర్ల దూరంలో వుందనుకోండి. ఒక చుట్టు తిప్పితే మీ చెయ్యి 157 సెంటీమీటర్లు ప్రయాణం చేస్తుంది. దవడ మాత్రం 5 మిల్లీమీటర్లే కదుల్తుంది. అంటే మీ బలం మూడువందల రెట్లకు పైగా పెరగాలి. రాపిడిలో మూడువంతులు పోయి ఒక వంతే మిగిలినా, మీరు 15 కిలోల బలంతో తిప్పితే దవడల మధ్య ఒక టన్నుకు మించిన ఒత్తిడి పుడుతుంది. ఎవరి చేతికైనా అంతకంటే ఏం కావాలి? నేను తొడిగిన మూడడుగుల గొట్టం దాన్ని నాలుగు టన్నులు దాటించింది. పైగా నేను తిప్పలేదు, వేలాడాను. నా బరువు రాసి మిమ్మల్ని భయపెట్టను.

ఇక ఇనుము సంగతి. మామూలు వైసులు పోత ఇనుముతో చేస్తారు. విరిగిన చోట బూడిదరంగులో వుంటుంది. అందులోని కర్బనం సన్నని రేకులుగా ఇనుమంతా పరుచుకుని వుంటుంది. నొక్కుడుకు ఈ ఇనుము గొప్పగా నిలబడుతుంది. సాగదీస్తే మాత్రం ఆ రేకు అంచుల దగ్గరే చీలిక మొదలవుతుంది. వైసు బిగించినప్పుడు దవడలు వెనక్కి వంగబోతాయి, లోపలి వైపు మొదట్లో సాగుడు పడుతుంది. అందుకే నాయన వైసు మొదలంటా విరిగింది. వంగి హెచ్చరించటం పోత ఇనుముకు తెలియదు. ఆఖరి క్షణం దాకా పెద్దమనిషిలా నిలబడి, ఒక్కసారిగా పోతుంది.

దీనికి విరుగుడు గూడా మనుషులే కనిపెట్టారు. 1943లో అమెరికాలో కీత్ మిల్లిస్ అనే ఆయన కరిగిన ఇనుములో కొద్దిగా మెగ్నీషియం కలిపి చూశాడు. కర్బనం రేకులుగా కాక గుండ్రని పూసలుగా కట్టింది. పూసకు పదునైన అంచు లేదు గనక, చీలికకు దారి సుళువుగా దొరకదు. ఆ ఇనుము విరిగే ముందు కాస్త వంగుతుంది. మన అంగళ్ళలో దాన్ని 'ఎస్‌జీ ఐరను' అంటారు. కొన్ని వైసుల మీద ఆ మాట రాసి వుంటుంది. దానికంటే పైమెట్టు, కాల్చి సాగగొట్టిన ఉక్కుతో చేసినవి. జర్మనీలో అట్లాంటివి పేరుపొందాయి. వాటి వెల చూస్తే మధ్యతరగతి గుండెకే కట్టు కట్టించుకోవలసి వస్తుంది. మన దేశంలో చేతి పనిముట్ల తయారీకి పంజాబులోని జలంధరు, లూధియానా పెట్టింది పేరు. అక్కడినుంచి వచ్చేవాటిలో మంచివీ వున్నాయి, నా 'పంకా' వంటివీ వున్నాయి. ఊరు పేరు చూసి కొనటానికి లేదు, వస్తువును చూసి కొనాలి.

ఇదంతా కాగితం మీద రాసుకుని ఒక ఆదివారం నాయనకు చదివి వినిపించాను. రేడియో తగ్గించి విన్నాడు. అంతా అయిన తరవాత, "బుక్కులో బాగనే రాసినారు. రేపు మద్రాసు పోదాం రా" అన్నాడు.

తిరుపతి నుంచి మద్రాసు పోయే బండి మా పుత్తూరులో ఆగుతుంది. సెంట్రలు స్టేషనులో దిగగానే నాయన నా భుజం పట్టుకుని పక్కకు తిరిగాడు. "మూరు మార్కెట్టు ఇక్కడే గదరా వుండింది" అన్నాడు. 1985లో అది కాలిపోయింది. ఆ స్థలంలో ఇప్పుడు సబర్బను రైళ్ళ స్టేషను భవనం వుంది. ఆయనకు అది మసకమసకగా కనిపించి వుంటుంది. చెయ్యెత్తి, "ఆ మూల" అన్నాడు. ఆ మూల టిక్కెట్ల కిటికీల ముందు జనం వరస కట్టి నిలబడి వున్నారు.

అక్కణ్ణుంచి పారీసు కార్నరు వైపు, లింగిచెట్టి వీధికి వెళ్ళాం. ఇనుప సామాన్లకూ, పనిముట్లకూ అదీ, దాని పక్క వీధులూ నిలయం. మూడంగళ్ళు తిరిగాం. మొదటి రెండిటిలో నాయన పదేసి నిమిషాలు తడిమి, దండం పెట్టి వచ్చేశాడు. మూడో అంగట్లో యజమాని తెలుగాయనే. "చూడండి పెద్దాయనా, నిదానంగా చూడండి" అని స్టూలు వేయించాడు. అక్కడ చూపు తగ్గిన మా నాయన వైసును పరీక్ష చేసిన తీరు వరసగా రాస్తున్నాను. మదనపల్లె సోదరి దీన్ని కత్తిరించి మీవారి జేబులో పెట్టండి.

ముందు ఆయన వైసును బోర్లించమన్నాడు. "పెండ్లికొడుకును ముందర్నించి చూపిస్తారు, ఎనకనించి చూడాల" అన్నాడు. కింద మర దూరే చోట విడిగా నట్టు వుందా, లేక పోత ఇనుములోనే చుట్లు కోశారా అని వేలుపెట్టి చూశాడు. విడి నట్టు వుంటే అరిగినప్పుడు మార్చుకోవచ్చు. లేకపోతే అరిగిన నాడు వైసంతా పాత ఇనుము కిందే లెక్క. లోపలి వైపు రంగు పలచగా, ఇనుము గరుకు తెలిసేటట్టుంటే మంచిది. దళసరిగా, నున్నగా వుంటే కింద ఏదో దాస్తున్నారని అర్థం.

రెండోది, ఊపుడు. దవడను సగం దాకా తెరిపించి, దాన్ని పైకీ కిందికీ, పక్కలకీ ఆడించి చూశాడు. వెంట్రుకవాసి కదలిక సహజం, లేకపోతే జరగదు. లటలట కొట్టుకుంటే మాత్రం పనికిరాదు. కడ్డీని అటూయిటూ తిప్పి చూశాడు. ఎంత తిప్పితే దవడ కదలటం మొదలుపెడుతుంది? కొత్తదానిలోనే పావుచుట్టు వృథాగా పోతే, పాతబడ్డాక సగం చుట్టు పోతుంది.

మూడోది, దవడల ముఖాలు. వీటికి ఉక్కు పలకలు వేరుగా మరమేకులతో బిగించి వుండాలి, పోతలోనే గీతలు గీసి వదిలెయ్యకూడదు. నాయన తన జేబులోంచి చిన్న ఆకురాయి తీసి, యజమాని అనుమతితో, పలక అంచు మూల ఒక్కసారి రాశాడు. ఆకురాయి కరవకుండా గాజుమీద రాసినట్టు జారిపోయింది. పలకను కాల్చి గట్టిచేశారన్నమాట. కరిచిందంటే అది మెత్తన, ఏడాదిలో గీతలు అరిగిపోతాయి.

నాలుగోది, కాగితం పరీక్ష. నా చేతిలో వున్న బలం లెక్కల కాగితాన్నే చించి రెండు పేలికలు చేశాడు. దవడల కుడి చివర ఒకటి, ఎడమ చివర ఒకటి పెట్టి మెల్లగా బిగించి, రెండూ లాగి చూశాడు. రెండూ రాకపోతే దవడలు సమంగా కలుస్తున్నట్టు. ఒకటి వూడివస్తే వంకర. మంచి వైసులో దవడలు పై అంచున ముందుగా తాకుతాయి, ఎందుకంటే మనం పట్టించే వస్తువు సాధారణంగా పైననే వుంటుంది.

అయిదోది, మర. బయటికి తీసిన మర చుట్లు చతురంగానో, మందంగా దూలం కొసలాగానో వుండాలి. మామూలు బోల్టు చుట్లలాగా మొనదేలి వుంటే ఆ బరువుకు నిలవవు. చుట్ల మధ్య గోరు పెట్టి నడిపిస్తే ఎక్కడా గరగర తగలకూడదు.

పాత వైసు కొనేవాళ్ళకు ఆయన ఇంకో ఉపాయం చెప్పాడు. అనుమానం వున్న చోట కిరసనాయిలు రాసి, అయిదు నిమిషాలు ఆగి, గుడ్డతో తుడిచి, సుద్దపొడి చల్లాలి. కంటికి కనపడని చీలిక వుంటే అందులో దాగిన కిరసనాయిలు సుద్దమీదికి వూరి నల్లగీతలా కనిపిస్తుంది. కుండ కొనేటప్పుడు వేలితో కొట్టి వినటం మన ఆడవాళ్ళకు తెలుసు. పాత వైసును సుత్తితో తట్టి వినటం గూడా అట్లాంటిదే. పగుళ్ళు వుంటే బొంగురు గొంతుతో నిజం చెప్పేస్తుంది.

"ఎంత వెడల్పు తీసుకుందాం నాయనా? ఆరంగుళాలది తీసుకుంటే..." అన్నాను, నా అపరాధం ఎంత పెద్దదో వైసు అంత పెద్దది కొనాలని. ఆయన తల అడ్డంగా వూపాడు. "ఇంటి పనికి నాలుగు చాలు. పైపుల పనుంటే అయిదు. పెద్దదుంటే పెద్ద పని పెట్టబుద్ధవతాది." అడుగున గుండ్రంగా తిరిగే పీట వున్న వైసు ఎదురుగా వుంటే దాన్ని గూడా వద్దన్నాడు. తిరిగేవి సదుపాయమే. కాని పట్టు అనేది ఎన్ని అతుకుల మీదుగా బల్లకు చేరితే అంత సడలుతుంది. సుత్తిపని చేసే ఇంట్లో నిలకడ పీటే మేలు. బాగా మోదవలసిన పని వుంటే కమ్మరి వాడే కాలువైసు వేరే వుంది. దానికి నేలదాకా ఒక కాలుంటుంది గనక దెబ్బ భూమిలోకి పోతుంది.

చివరికి ఎస్‌జీ ఐరనుతో చేసిన 5 అంగుళాల నిలకడ వైసు తీసుకున్నాం. బిల్లు చెల్లిస్తుంటే నాయన నా చెవి దగ్గరకు వచ్చి, "పంకా ఎంతకు కొన్నెవు?" అని అడిగాడు. చెప్పాను. ఆయన లెక్కవేసి, "రొండూ కలిపి దీని కరీదు" అన్నాడు. నాలుగు నెలల తరవాత ఆయన నవ్వటం నేను చూశాను.

తిరుగు రైల్లో వైసును ఒళ్ళో పెట్టుకున్నది నేను.

వైసును కొనటం సగం పని, కూర్చోబెట్టటం సగం. ఎత్తుకు కొలత టేపు అక్కరలేదు. వైసు ముందు నిలబడి, పిడికిలి గడ్డం కింద పెట్టుకుంటే మీ మోచెయ్యి దవడల పై అంచును తాకాలి. అంతకంటే పల్లంగా వుంటే నడుం పోతుంది, ఎత్తుగా వుంటే భుజాలు పోతాయి. బల్ల కాలుకు సరిగ్గా పైన బిగించాలి. బల్ల నడుమ పెడితే చెక్క వూగుతుంది. కదలని దవడ బల్ల అంచుకు ఒక వెంట్రుకవాసి బయటికి వుంటే, పొడుగాటి కడ్డీని నిలువుగా పట్టించినా బల్లకు తగలదు. చెక్క స్క్రూలతో బిగించకూడదు. బల్లలోంచి కిందికి దిగే బోల్టులు, కింద వెడల్పాటి వాషర్లు వుండాలి.

ఇక వాడుక. వస్తువును దవడల నడిమధ్య పట్టించాలి. ఒక పక్క పట్టించక తప్పకపోతే రెండో పక్కన అంతే మందం చెక్కముక్క పెట్టాలి. సుత్తితో కొట్టేటప్పుడు దెబ్బ కదలని దవడ వైపు పడాలి. ఇత్తడి, రాగి, మెరుగుపెట్టిన వస్తువులకు దవడల మీద అల్యూమినియం రేకు వంచి తొడగాలి. తెగిన చెప్పు తోలు ముక్క గూడా చాలు. మరకు గ్రీజు పెట్టాలి, దవడల ముఖాలకు మాత్రం చమురు చుక్క తగలకూడదు. పని ముగిశాక దవడలు పూర్తిగా బిగించి వెళ్ళకూడదు, సన్నని సందు వదిలి, కడ్డీ నిలువుగా కిందికి వేలాడేటట్టు పెట్టాలి. దారిన పోయేవాడికి తగలదు.

బోల్టులు బిగించటం అయిపోయిన తరవాత నాయన మూలకు వెళ్ళి తడుముకుంటూ ఏదో తెచ్చాడు. నేను మరిచిపోయిన మూడడుగుల గొట్టం. నాకు ప్రాణం చివుక్కుమంది. ఇప్పుడంటాడు కాబోలు, ఇన్నాళ్ళూ అననిదంతా, అనుకున్నాను. ఆయన ఆ గొట్టాన్ని నా చేతిలో పెట్టి, "పట్టించు" అన్నాడు. గుండ్రని గొట్టం నలగకుండా రెండు చెక్కముక్కలకు గాట్లు పెట్టి, వాటి మధ్య పెట్టి బిగించాను.

"చాల్లే" అన్నాడు.

నాకు చాలలేదు. ఇంకాస్త తిప్పబోయాను. ఆయన చెయ్యి వచ్చి కడ్డీ మీది నా చేతిమీద పడింది. "కదల్తా వుండాదా?"

లాగి చూశాను. "లేదు నాయనా."

"ఇంగెందుకు?"

రంపం నా చేతికిచ్చాడు. ఆ గొట్టాన్ని ఆరు ముక్కలు కోసేదాకా పక్కనే నిలబడి, ఒక్కొక్క కోతనూ వేలితో తడిమి, వంకర పోయినచోట ఆకురాయి పట్టించాడు. ఆ ఆరు ముక్కలూ ఇప్పుడు మా వసారా గోడకు బట్టల కొక్కేలు. మా ఆవిడ తడిచీరలు వాటికే ఆరవేస్తుంది.

సోదరీ, మీ ప్రశ్నకు నా జవాబు ఇది. నాలుగంగుళాలది చాలు. ఇనుము ఎస్‌జీదా అని అడగండి, బోర్లించి నట్టు చూడండి, ఆకురాయీ రెండు కాగితం ముక్కలూ వెంట తీసుకుపోండి. చవకదానికోసం చూడకండి, రెండోసారి కొనవలసి వస్తే అదే ఖరీదైనది. ఇవన్నీ చూసి కొన్న వైసు మీవారి తరవాత మీ మనవళ్ళకు గూడా పనికొస్తుంది. ఒక్క షరతు: షెడ్డులో పొడుగాటి గొట్టం ఏదైనా వుంటే దాన్ని ముందుగానే ఆరు ముక్కలు కోయించండి.

నాయనకు యిప్పుడు డెబ్బై తొమ్మిది. చూపు ఇంకా తగ్గింది. పొద్దున కాఫీ తాగి కొట్టు తలుపు తీస్తాడు. రేడియోను గూడా అక్కడికే తీసుకుపోయాడు.